ఇంద్రజాల బోధక గ్రంథములు

ఇంద్రజాలమును పుస్తకము చూచి నేర్చుకొనవచ్చునా యను ప్రశ్న పైకి పిల్లలాటవలె తోచును. కాని యోచించినకొలది నది పెద్దల ప్రశ్నయే యని తేలుచున్నది. ఉత్త చేతినుండి విభూతి రాల్చి చూపిన మనుష్యునికి సాష్టాంగపడు పట్టభద్రులు మనలో నేటికిని గలరు. బాణామతి, చేతబడి చేసినదను అనుమానముతో దిక్కులేనివారిని కొట్టి చంపిన వార్తలు తెలంగాణపు పల్లెలనుండి నేటికిని పత్రికల కెక్కుచున్నవి. ఒకచోట మ్రొక్కు, ఒకచోట హత్య. రెంటికిని మూల మొక్కటే. తనకు కారణము తెలియని ప్రతిదానికిని మానవాతీతమైన కారణ మొకటి యుండితీరునని తొందరపడి నిశ్చయించుటయే యా మూలము. ఆ తొందరను మాన్పగల విద్య యేదైనను మన గృహములకు పనికివచ్చునదే. కావున హస్తలాఘవమును బోధించు పాశ్చాత్య గ్రంథములలో పేరువడసిన కొన్నింటి గుణదోషములను విచారింప నుద్దేశించితిమి.

మన ప్రాచీన కవులు ఐంద్రజాలికుని ఎఱుగనివారు కారు. శ్రీహర్షుని రత్నావళి నాలుగవ యంకమున నట్టివా డొకడు రాజునకు ఆకాశమున దేవతలను చూపి, పిదప అంతఃపురము తగులబడినట్లు భ్రమ గొలుపును. దశకుమారచరితమున విద్యేశ్వరుడు ఇంద్రజాలమను నెపముతో రాజవాహనునకును అవంతిసుందరికిని నిండుసభలో నిజమైన వివాహమే జరిపించును. కన్యాపక్షమువా రది మాయపెండ్లి యనుకొని చూచి యానందింతురు. కొఱవి గోపరాజు తెలుగుచేసిన విక్రమార్కుని సింహాసన కథలలో ఐంద్రజాలికుడు దేవాసుర యుద్ధమునకని ఆకసమున కెగయుటయు, అవయవములు తెగి నేల కూలుటయు, పిమ్మట నెప్పటివలె నిలిచి రాజును తన భార్య నడుగుటయు పాఠకు లెఱిగినవే. ఇవి రసవంతములైన కథలే. కాని వీనిలో నెచ్చటను వ్రేళ్ల ప్రసక్తి లేదు. విద్య ఫలించిన ఘట్టము గలదు గాని, నేర్చిన ఘట్టము లేదు.

ఇక ఇంద్రజాలమను పేరితోనే వెలసిన తాంత్రిక గ్రంథములు మంత్రములను, మూలికలను, వశీకరణ మారణ విధులను ఏకరువు పెట్టును. చెప్పినట్లు చేసినను ఫలింపనిచో తప్పు చేసినవాని శుచియందో, ముహూర్తమునందో యుండును గాని గ్రంథమునం దెన్నడు నుండదు. ఏ గ్రంథము తన మాటను పరీక్షించు సాధనమును చదువరిచేతి కిచ్చునో యది శాస్త్రము, ఈయనిది శాస్త్రాభాసము. మే మీ వ్యాసమున పేర్కొనబోవు పుస్తకములు వినోదమునకై వ్రాయబడినవే యైనను ఈ పరీక్షకు నిలుచుచున్నవి.

వీనిలో నాద్యమైనది వినోదమునకై వ్రాయబడలేదు. 1584లో రెజినాల్డు స్కాటు అను కెంటు మండలపు గృహస్థుడు మంత్రగత్తెల విషయమై యొక పెద్ద గ్రంథమును ప్రచురించెను. ఆ కాలమున ఇంగ్లండులో దయ్యముతో పొత్తు గలదను నేరముపై పేదరాండ్రను, ముదుసళ్లను ఉరితీయుచుండిరి. అట్టి శిక్షలకు ఆధారమైన శాసనములు 1736 వఱకును తొలగింపబడలేదు. స్కాటు ఇవి యన్నియు అజ్ఞానము, భయము, మోసములవలన పుట్టినవని వాదించుచు, ఆ వాదమునకు సాక్ష్యముగా గారడీవారి పనులను విప్పి చూపెను. ఇందులకై లండనునందున్న కౌటారిసు అను ఫ్రెంచివానిని స్వయముగ సంప్రదించెను. తల నరికి పళ్లెములో పెట్టినట్లు చూపు చమత్కారమునకు రంధ్రములుగల బల్లయు, ఇద్దఱు బాలురును చాలుననియు, ఒకని మొండెమును వేఱొకని తలయు మాత్రమే చూచువారికి కనబడుననియు అతడు వివరించెను. కడుపులో బాకు పొడుచుకొను ఆటకు లోపల పలక కట్టుకొనవలెనని చెప్పుచు, త్రాగిన మైకమున ఆ పలకను మఱచి నిజముగనే పొడుచుకొని చచ్చిన యొక గారడీవాని వృత్తాంతమునుగూడ వ్రాసెను. ఇంతకంటె బలమైన సాక్ష్య మేది? దయ్యము తోడుండినచో పలకతో పనియేమి?

స్కాటు మనస్సునందలి యొక సంకోచము మాకు మిక్కిలి గౌరవపాత్రముగ తోచినది. ఈ రహస్యములను వెల్లడించుట దీనివలన పొట్టపోసికొను పేదల జీవనమునకు భంగము గదా యని యతడు విచారపడెను. విచారపడియు వ్రాసెను; ఏలయనగా నొకవైపున కూటి ప్రశ్నయు, రెండవవైపున ప్రాణప్రశ్నయు నుండెను. సంస్కర్తకు తన పనివలన నష్టపడువారు కంటబడకుండుట మంచిది కాదు. వారిని చూచియు చేయదగినదానిని చేయుట కష్టము. ఆ కష్టము నెఱిగి చేసినవాడు స్కాటు.

ఇక విద్యార్థికై వ్రాసిన గ్రంథములలో తలమానికమువంటిది 1876లో వెలువడిన మోడరన్ మేజిక్. గ్రంథకర్త ప్రొఫెసరు హాఫ్‌మన్ అని పేరు పెట్టుకొనిన ఆంజెలో జాన్ లూయిసు, వృత్తిచే బారిష్టరు. మొదట బాలుర పత్రికలో ఖండశః ప్రకటితమైన ఈ రచనలో న్యాయవాది యలవాటు అడుగడుగున కనబడుచున్నది. ఏ మాటను నిర్వచింపక వాడడు; ఏ మెట్టును విడిచి ముందునకు పోడు. మొదట ఉపకరణములు, పిదప పేకముక్కలు, అటుపిమ్మట నాణెములు, గడియారములు, ఉంగరములు, చేతిరుమాళ్లు, గిన్నెలు బంతులు, తుదకు రంగస్థలపు పెద్ద చమత్కారములు అని క్రమముగ నడపెను. పేకముక్కల ప్రకరణమునందును ఆటలకు ముందు వ్రేళ్ల పనిని వేఱుగ బోధించెను. వర్ణమాలకు ముందు పద్యము చెప్పని మంచి యొజ్జ పద్ధతి యిది.

ఒక యుదాహరణము. నాణెమును అరచేతి నడుమ నుంచి, బొటనవ్రేలి మొదటి కండను, దాని కెదుటివైపు కండను ఇంచుక బిగించినచో, చేయి బోర్లించినను నాణెము పడక నిలుచును. ఇంతమాత్రము కొలది దినముల సాధనచే రావచ్చును. కష్టము తరువాత నున్నది: నాణెమున్న యా చేయి లేని చేతివలె కనబడవలెను. వ్రేళ్లు కొయ్యబారరాదు, కన్ను ఆ చేతివైపు దొంగచూపు చూడరాదు. ఇచ్చటనే మంత్రదండముయొక్క ప్రయోజన మెట్టిదో హాఫ్‌మన్ విప్పి చెప్పుచున్నాడు. దండము పట్టిన చేయి మూసియుండుట సహజముగ తోచును. దానిని తీసికొను నెపమున బల్లవైపు తిరిగి, బల్లవెనుకనున్న మఱుగు అరలో చేతిలోని వస్తువును దింపవచ్చును, వేఱొకదానిని గ్రహింపవచ్చును. లోకము మహిమకు చిహ్నముగ భావించిన వస్తువు వాస్తవముగ నొక సాకు మాత్రమే! ఈ యొక్క పుట చదివిన బాలుడు దండకమండలువులను చూచి వెనుకటివలె భయపడడు.

అతడు పెట్టిన రెండు నియమములు సుప్రసిద్ధములు. చేయబోవుదానిని ముందుగ చెప్పరాదు. ఒకనాటి సభలో నొకే చమత్కారమును రెండుసారులు చూపరాదు. ముందు చెప్పినచో ప్రేక్షకుడు ఎచ్చట కాచుకొనవలెనో తెలిసికొనును. రెండవసారి చూపినచో ఫలమును విడిచి మార్గమును చూడ మొదలిడును. ఈ నియమములను తలక్రిందు చేసినచో పరీక్షకుని నియమములు లభించును. అద్భుతమును చూపుదునని వచ్చినవానిని ముందుగ చెప్పి చేయుమనుడు, మరల చేయుమనుడు, వేఱొకవైపునుండి చూడనిండని యడుగుడు. హాఫ్‌మన్ సంస్కర్త కాడు. కాని సంస్కర్తకు పనికివచ్చు ఆయుధము నతడు తెలియకయే యిచ్చినాడు.

దోషములును లేకపోలేదు. మొదటిది, గ్రంథము ముందునకు పోవుకొలది వ్రేళ్ల పని తగ్గి పెట్టెలు, గొట్టములు, రెండడుగుల పాత్రలు పెరుగుచున్నవి. విద్య సామగ్రికి లోబడుచున్నది. రెండవది, నేర్చువాడు రహస్యపు జేబులు కుట్టించుకొనిన తోకకోటు తొడిగిన పురుషుడే యని గ్రంథకర్త భావము. స్త్రీ ప్రేక్షకురాలిగ తప్ప కనబడదు. 1896లో భర్త మరణించిన పిమ్మట అడిలేడ్ హెర్మన్ తానే రంగమెక్కి బహువత్సరములు స్వతంత్రముగ ప్రదర్శనము లిచ్చెను. చీర కట్టినచేతికి ఈ విద్య రాదనుటకు కారణ మేమియు లేదు. పాఠము వ్రాయువా డా చేతిని తలచుకొనవలెను, అంతియే.

మూడవది యన్నిటికంటె పెద్దది. ఎట్లు చేయవలెనో చెప్పిన హాఫ్‌మన్, ఏల మోసపోవుదుమో తగినంత విచారింపలేదు. ఈ కొఱతను కొంత పూరించినది 1911లో నెవిల్ మాస్కెలిను, డేవిడ్ డెవాంటు కలసి వ్రాసిన అవర్ మేజిక్. వారు గ్రంథమును కళ, సిద్ధాంతము, ప్రయోగము అని మూడు భాగములుగ విభజించి, చమత్కారముల మూటకంటె చమత్కారమునందలి యేకత్వము ముఖ్యమని వాదించిరి. ఇది ఇంద్రజాలమునకు అలంకారశాస్త్రమువంటిది. అయితే అలంకారశాస్త్రము చదివినమాత్రమున కవి కానట్లే, దీనిని మొదట చదివినవాని కొక నాణెమైనను అరచేత నిలువదు. హాఫ్‌మన్ పిమ్మటనే దీనిని చదువవలెను.

పుస్తకము చేయలేని పని యొకటి కలదు: అది చదువరిని చూడలేదు. పేక కోసిన రెండు భాగములను రహస్యముగ తారుమారు చేయు పట్టును అద్దము ముందు సాధించువాడు సరిగ నా క్షణముననే తన కన్నులు మూసికొనుట కలదు. అందుచే తన తప్పు తనకే కనబడదు. ఫ్రాన్సుదేశపు రాబెర్ ఊదెన్ చిన్నతనమున గడియారముల పనిని గూర్చిన పుస్తకము కొనబోగా, అంగడివాడు పొరపాటున వినోద విజ్ఞాన గ్రంథ మిచ్చెననియు, దానివలననే తన కీ విద్యయం దాసక్తి పుట్టెననియు స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. కాని యా గ్రంథము చాలక, బ్లువా పట్టణమున పాదముల ఆనెలు కోసి జీవించు నొక గారడీవానికి శిష్యుడయ్యెను. పుస్తకము ద్వారము తెఱచును. లోనికి నడచుటకు గురువో, నిష్పక్షపాతియైన మిత్రుడో కావలెను. నేడు చేతిలోని తెరపై ఇతరుల వ్రేళ్లు కదలుట చూచి నేర్చువారు పెక్కండ్రు. తెర యొరుల చేతిని అనుకరించుట నేర్పును. పుస్తకము వాక్యమును తన చేతికి అన్వయించుకొనుట నేర్పును. అందుచే తెర వచ్చినను పుస్తకమునకు పని తీరలేదు.

ఇట వేఱొక ప్రశ్న కలుగుచున్నది. ఈ విద్య నేర్చినవాడు మోసగాడు కాడా? 1902లో చికాగోనగరమున ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేసు అను పేరుతో వెలువడిన పేకాట గ్రంథ మీ ప్రశ్నకు నిదర్శనము. గ్రంథకర్త నిజనామము నేటికిని నిశ్చయముగ తెలియలేదు. మొదటి భాగమున జూదపుబల్లమీది మోసములను, రెండవ భాగమున సభారంజకమైన హస్తలాఘవమును బోధించెను. తాను డబ్బు కొఱకే వ్రాయుచున్నానని దాపఱికము లేక చెప్పుకొనెను. కెనడాలో జన్మించిన డై వెర్నన్ జీవితమంతయు ఈ గ్రంథమును మననము చేసి, జూదగాండ్ర సూక్ష్మములను సభారంజనమునకు మలచి, ఆ కళకు ఆచార్యుడయ్యెను. రెండు భాగములయందును వ్రేళ్ల పని యొక్కటే. భేదము వ్రేళ్లయందు లేదు. ఇది కనుకట్టు అని యొప్పుకొనుటయందును, ఒప్పుకొనకుండుటయందును గలదు.

రాబెర్ ఊదెన్ చరిత్రమున ఈ భేదమే మనలను కలవరపెట్టుచున్నది. 1856లో ఫ్రెంచి ప్రభుత్వ మతనిని అల్జీరియాకు పంపెను. అచ్చటి మరబూతులను మతగురువుల పలుకుబడిని తగ్గించి, ఫ్రెంచివారి మహిమ యెక్కువయని చూపుట ఉద్దేశము. క్రింద విద్యుదయస్కాంతమును దాచి, ఒక చిన్న పెట్టెను బలిష్ఠుడైన యరబ్బు ఎత్తలేకుండునట్లు చేసెను. నీ బలమును హరించితినని చెప్పెను. పిమ్మట విద్యుత్తు తగిలించి వానిని నేల కూల్చెను. ఇది నేర్పు మాత్రమేయని తరువాత దుబాసీలచే చెప్పించినట్లు అతడే వ్రాసినాడు. చెప్పించియుండవచ్చును. కాని భయము ముందు, వివరణము వెనుక; పైగా పాలకుల సేనలు ప్రక్కనే. ఐంద్రజాలికుడు మాంత్రికుని వేషము వేసిన నటుడని నిర్వచించి యీ విద్యకు గౌరవము తెచ్చినవా డితడే. నటుడు తన వేషమును పరిపాలకుల పనికి అద్దె కిచ్చినప్పుడు, మతగురువుల మోసమునకును దీనికిని మాకు భేదము చాల స్వల్పముగ కనబడుచున్నది.

రహస్యము వెల్లడియైనచో విద్య చచ్చును గదా యని కొందఱందురు. చరిత్ర యిట్లు చెప్పుటలేదు. 1830 ప్రాంతమున మదరాసులో శేషల్ అని ఆంగ్లపత్రికలు పేర్కొన్న బ్రాహ్మణు డొకడు, ఒక దండముపై చేయి మోపి గాలిలో కూర్చుండినట్లు కనబడుచుండెను. అతని మరణముతో నా రహస్యమును పోయెనని అప్పటివారు తలచిరి. 1847లో రాబెర్ ఊదెన్ పారిసునందు తన కుమారుని అట్టి దండముపై పరుండబెట్టి, అప్పుడే క్రొత్తగ ప్రచారమునకు వచ్చిన ఈథరువలన బాలుడు తేలికయైనాడని నమ్మించెను. పిల్లవానిని హింసించుచున్నాడని తనను దూషించుచు జాబులు సైతము వచ్చెనట! తరువాత నిట్టి చమత్కారములలో దేహమును మోయు లోహపు కట్టును గూర్చి పుస్తకము లెన్నియో వ్రాసినవి. అయినను ప్రేక్షకులు నేటికిని చూచి యానందించుచునే యున్నారు. పోయినది విస్మయము కాదు, భయము. రాగలక్షణము తెలిసినవాడు పాట వినుట మానునా?

ముద్రణము భ్రమను పోగొట్టుటయేగాక పుట్టింపనుగలదు. గాలిలో నిలిచిన త్రాటిపై బాలు డెగబ్రాకి మాయమగు భారతదేశపు చమత్కారము పాశ్చాత్యదేశములలో విశేషముగ ప్రసిద్ధికెక్కుటకు 1890 ఆగస్టున నొక చికాగో పత్రిక ప్రకటించిన కట్టుకథ ముఖ్యకారణము. నాలుగు నెలలకు ఆ పత్రికయే యది కల్పనమని యొప్పుకొనెను. కథ దేశములు దాటినది. ఒప్పుకోలు మూల బడినది.

అట్లయిన రహస్యములను చదివి తెలిసికొన్న చాలదా, సాధన యేల యని యడుగవచ్చును. ఇచ్చటనే మా ముఖ్యాభిప్రాయమును చెప్పవలసియున్నది. ఇంగ్లండులో భూతములు పలకలమీద వ్రాయునని నమ్మకము ప్రబలిన కాలమున, ఎస్. జె. డేవీ యను యువకుడు తానే అట్టి వ్రాత వ్రాయు నేర్పును సాధించి, రిచర్డు హాడ్జ్‌సను సాయమున పరీక్షలు జరిపెను. చూచినవారు తాము చూచినదానిని వ్రాసియిచ్చిరి. 1887లో ప్రకటితమైన యా వ్రాతలను పోల్చిచూడగా, చదువుకొన్న సాక్షులు ముఖ్యమైన క్షణములనే విడిచిరి. పలక తమ కన్ను దాటలేదని ధైర్యముగ వ్రాసిరి. జరిగినవాని క్రమమును మార్చిరి. ప్రకృతివరణ సిద్ధాంతమున డార్వినుతో సమానకీర్తి గల వాలేసు సైతము, డేవీ చేసినదెల్ల వివరింపబడనిచో నతడును భూతావేశపరుడే యని భావింపవలసివచ్చునని వాదించెను. వాలేసు అసత్యవాది కాడు, అజ్ఞుడును కాడు. కాని యొరుల కన్ను మూయుట యెంత సులభమో అతని చేయి యెన్నడును ఎఱుగలేదు.

రహస్యమును చదివినవాడు, ఇంతేకదా యని గర్వించును. సాధన చేసినవాడు తన యెదుట కూర్చున్న తల్లియు, అన్నయు, తెలివిగల స్నేహితుడును తప్పక మోసపోవుటను చూచి, తానును ఇట్లే మోసపోవుదునుగదా యని తెలిసికొనును. ఈ వినయమే విద్యాఫలము. మూఢవిశ్వాసమునకు ఎగతాళి మందు కాదు. ఎగతాళి చేయువాడు రేపు వేఱొక వేషముతో వచ్చిన మోసమునకు తానే లోబడును. పొదనూరివాసియైన బి. ప్రేమానంద్ 2009లో మరణించువఱకు ఊరూర తిరిగి, బాబాల మహిమలను తానే చేసి చూపి, పిదప విప్పి చెప్పెను. చేయుట ముందు, చెప్పుట వెనుక. రెండును అదే సభలో, అదే గడియలో. ఊదెనుకు లేని ధర్మ మిదియే.

కావున మా నిర్ణయ మిది. చరిత్రదృష్టితో స్కాటును, అభ్యాసమునకు హాఫ్‌మన్ పూర్వభాగమును, ఆలోచనకు మాస్కెలిను డెవాంటులను చదువవలెను. ఎర్డ్‌నేసును వయస్సు వచ్చినవారికి విడువవలెను. తెలుగున నీ విద్యను వ్రాయబూనువారు తోకకోటును, వెండిపళ్లెమును అనువదింపక, మన యింటనున్న రూపాయ నాణెము, తువాలు, గ్లాసు, దారము, చింతగింజ వీనితోనే పాఠములు కూర్పవలెను. బాలురతోపాటు బాలికలచేతులనుగూడ తలచుకొని వ్రాయవలెను. ప్రతి పాఠము చివరను, చూచినవారికి ఇది నేర్పేగాని మహిమ కాదని చెప్పవలెనను నియమము నుంచవలెను. పదేండ్ల పిల్లకు ఒక నాణెమును, ఒక యద్దమును, ఆరునెలల వ్యవధిని ఇచ్చి చూడుడు. అటుపిమ్మట ఆ యింటికి విభూతి రాల్చువాడు వచ్చినను, పొరుగింటి ముసలిదానిపై చేతబడి నింద వచ్చినను, మొదట నోరు తెఱచి ప్రశ్న యడుగున దా పిల్లయే యగును.